అవయవంతో పాటు వచ్చే వైరస్: మార్పిడి తర్వాత క్యాన్సర్ ఎక్కడ మొదలవుతుంది?

కిడ్నీ మార్పిడి చేయించుకున్న కొందరికి కాళ్ల మీద ఊదారంగు మచ్చలతో మొదలయ్యే కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ వస్తుంది. 2003లో ఇటలీ పరిశోధకులు అలాంటి ఎనిమిది మంది కణితులను పరీక్షిస్తే, అయిదుగురిలో క్యాన్సర్ కణాల మీద కిడ్నీ ఇచ్చిన దాత గుర్తులు కనిపించాయి. దాతకు ఉన్న క్యాన్సర్ అంటుకుందని దీనర్థం కాదు. కిడ్నీతో పాటు హెచ్‌హెచ్‌వీ-8 అనే వైరస్ సోకిన కణాలు కొన్ని వచ్చాయి. దాత ఒంట్లో అణిగి ఉన్న ఆ కణాలు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న కొత్త ఒంట్లో అడ్డులేక పెరిగాయి.

దాతలో ముందే ఉన్న క్యాన్సర్ అవయవంతో వచ్చేయడం చాలా అరుదు. పదివేల మార్పిడుల్లో ఒకటి నుంచి అయిదు దాకా అని అంచనా. దాతను పరీక్షించే డాక్టర్లు, అవయవం తీసే సర్జన్లు దాన్ని వెతుకుతారు కాబట్టే అంత తక్కువ. వైరస్ దారిలో వచ్చే క్యాన్సర్ ఆ వడపోతకు దొరకదు. చేతికి తగిలే గడ్డ ఉండదు, స్కాన్‌లో ఏమీ కనిపించదు. పైగా ఈ వైరస్‌లలో ముఖ్యమైనది పెద్దవాళ్లలో దాదాపు అందరికీ ఉన్నదే. అందుకే దాతకు వైరస్ ఉందా అని అడగడం కంటే, తీసుకునే మనిషికి అది ముందే సోకి ఉందా లేదా అని తెలుసుకోవడమే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. ఈ ప్రశ్న ఆపరేషన్‌కు ముందు అడగాల్సినది. తర్వాత అడిగితే సగం సమాధానమే దొరుకుతుంది.

మార్పిడి తర్వాత వైరస్ వల్ల క్యాన్సర్ మూడు రకాలుగా రావచ్చు. దాత నుంచి వైరస్ మాత్రమే వచ్చి రోగి కణాల్లో చేరి, ఆ కణాలే క్యాన్సర్ కావడం ఒకటి. వైరస్ ఉన్న దాత కణాలే పెరిగి క్యాన్సర్ కావడం రెండోది. రోగిలో ఎప్పటి నుంచో నిద్రపోతున్న వైరస్ మందుల వల్ల కాపలా సడలగానే లేవడం మూడోది. ఇందులో దాత ప్రమేయమే లేదు. మైక్రోస్కోప్ కింద మూడూ ఒకేలా కనిపిస్తాయి. తేడా చెప్పేది జన్యు పరీక్షే. బిడ్డకు తండ్రెవరో తేల్చడానికి వాడే ఎస్‌టీఆర్ డీఎన్‌ఏ పోలిక, దాత-రోగి ఆడ-మగ అయినప్పుడు ఎక్స్, వై క్రోమోజోములను రంగుల్లో చూపే ఫిష్ పరీక్ష, మనిషి మనిషికీ తేడా ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే కణ గుర్తుల పరీక్ష ఇందుకు పనికొస్తాయి. వీటన్నిటికీ పోల్చడానికి దాత నమూనా కావాలి. మార్పిడికి ముందు హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్ తీసిన డీఎన్‌ఏను పారేయకుండా ఉంచితే అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే వైద్యం మారుతుంది. క్యాన్సర్ కణాలు దాతవైతే రోగి ఒంటికి అవి పరాయివి. రోగనిరోధక శక్తిని అణచే మందులు పూర్తిగా ఆపేస్తే, శరీరం ఆ అవయవాన్ని తిప్పికొట్టినట్టే క్యాన్సర్‌నూ తిప్పికొట్టే అవకాశం ఉంది. కిడ్నీ విషయంలో ఆ దారి నిజంగానే తెరిచి ఉంటుంది: మందులు ఆపి, కిడ్నీ తీసేసి, మళ్లీ డయాలసిస్‌కు వెళ్లొచ్చు. గుండె, ఊపిరితిత్తులు, లివర్ పొందినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మరో అవయవం దొరికితే తప్ప, ఉన్నది తీసేసి బతికే మార్గం లేదు. ఒకే వైరస్, ఒకే క్యాన్సర్ అయినా కిడ్నీ రోగికి, గుండె రోగికి జాతకాలు వేరు.

ఈబీవీ: తల్లి ఇచ్చే లివర్, బిడ్డకు కొత్త వైరస్

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఎప్‌స్టీన్-బార్ వైరస్, క్లుప్తంగా ఈబీవీ. ఆఫ్రికా పిల్లల దవడల్లో వచ్చే కణితి నుంచి 1964లో దీన్ని కనిపెట్టారు. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఇది సోకినవాళ్లే. ఒకసారి సోకాక బీ-లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాల్లో జీవితాంతం ఉండిపోతుంది. ఆరోగ్యవంతుల్లో టీ-కణాలు దాన్ని అదుపులో పెడతాయి. మార్పిడి రోగికి ఇచ్చే టాక్రోలిమస్, యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ లాంటి మందులు దెబ్బతీసేది సరిగ్గా ఆ టీ-కణాలనే. కాపలా లేని బీ-కణాలు విచ్చలవిడిగా పెరిగి లింఫోమా అనే క్యాన్సర్‌గా మారే జబ్బును పీటీఎల్‌డీ అంటారు.

అవయవంలో దాత లింఫోసైట్లు ఎంత ఎక్కువగా ఉంటే, మందుల మోతాదు ఎంత పెద్దదైతే ముప్పు అంత పెరుగుతుంది. కిడ్నీ మార్పిడిలో ఇది ఒకటి, రెండు శాతం మందికే వస్తుంది. పేగు మార్పిడిలో మాత్రం 20 శాతం దాకా వెళ్లొచ్చు, ఎందుకంటే పేగు నిండా లింఫ్ కణజాలమే. కిడ్నీ, లివర్ లాంటి ఘనావయవాల మార్పిడిలో ఈ లింఫోమా కణాలు ఎక్కువగా రోగివే. దాతవైనప్పుడు సాధారణంగా మొదటి ఏడాదిలోనే, ఇచ్చిన అవయవంలోనో దాని పక్కనో గడ్డ కనిపిస్తుంది. ఎముక మజ్జ మార్పిడిలో లెక్క తిరగబడుతుంది. అక్కడ రక్తకణాలన్నీ దాతవే కాబట్టి లింఫోమా కూడా దాదాపు ఎప్పుడూ దాతదే అవుతుంది.

అసలు ప్రమాదమంతా ఒక జోడీలో ఉంది: దాతకు ఈబీవీ ఉండి, రోగికి లేకపోవడం. డాక్టర్లు దీన్ని డీ-ప్లస్, ఆర్-మైనస్ అంటారు. మన దేశంలో పెద్దవాళ్లకు ఇది చిన్నప్పుడే సోకి ఉంటుంది కనుక పెద్దల మార్పిడుల్లో ఈ జోడీ అరుదు. భారమంతా పిల్లల మీద పడుతుంది. పుట్టుకతో పిత్తనాళాలు మూసుకుపోయిన, బైలరీ అట్రీషియా అనే జబ్బుతో ఉన్న ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డకు తల్లో తండ్రో తన లివర్‌లో ఎడమవైపు చిన్న భాగం ఇస్తారు. తల్లికి ఈబీవీ ఉంటుంది, బిడ్డకు ఇంకా సోకి ఉండదు. ఈ జోడీ కుదరదని దాతను కాదనలేం. వేరే పెద్దవాళ్లను తెచ్చినా వాళ్లకూ ఉంటుంది. కాబట్టి ఇది దాతను మార్చి తప్పించుకునే ముప్పు కాదు, తెలుసుకుని కాపలా కాయాల్సిన ముప్పు. అమెరికాలో, బ్రిటన్‌లో పెరిగే తెలుగు పిల్లలకు ఈ వైరస్ ఆలస్యంగా సోకుతుంది. అక్కడ పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇక్కడ పుట్టి పెరిగిన తల్లి కిడ్నీ ఇచ్చినా ఇదే జోడీ ఏర్పడొచ్చు.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. బిడ్డ రక్తంలో ఈబీవీ ఐజీజీ యాంటీబాడీ పరీక్ష చేస్తే పాజిటివ్ వస్తుంది. ముందే సోకింది, భయం లేదని ఫైల్లో రాసేస్తారు. ఆ యాంటీబాడీలు బిడ్డవి కావు, కడుపులో ఉండగా తల్లి నుంచి వచ్చినవి. ఏడాది దాకా, ఒక్కోసారి ఏడాదిన్నర దాకా అవి రక్తంలో తిరుగుతుంటాయి. రక్తం, ప్లాస్మా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించినా అదే భ్రమ కలుగుతుంది. అందుకని ఏడాదిలోపు బిడ్డ పాజిటివ్ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకుండా, నెగెటివ్‌గానే భావించి జాగ్రత్తపడటం క్షేమం. పెద్ద పిల్లలకైతే రక్తం ఎక్కించక ముందే నమూనా తీసి పంపాలి.

ముప్పున్న బిడ్డకు ఆపరేషన్ తర్వాత పీసీఆర్‌తో రక్తంలో వైరస్ ఎంతుందో కొలుస్తారు. మొదటి నెలల్లో వారానికో రెండు వారాలకో, ఆ తర్వాత ఏడాది నిండేదాకా నెలకోసారి చేయడం వాడుక. ఇక్కడ చిన్నదిగా కనిపించే పెద్ద చిక్కొకటుంది. కొన్ని ల్యాబ్‌లు మొత్తం రక్తంలో కొలుస్తాయి, కొన్ని ప్లాస్మాలో. మొత్తం రక్తంలో బీ-కణాల లోపలున్న వైరస్ కూడా లెక్కకొస్తుంది కాబట్టి అంకె పెద్దదిగా వస్తుంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని ఊరికి వెళ్లాక జిల్లా కేంద్రంలోని మరో ల్యాబ్‌లో చేయించిన అంకెను పాత అంకె పక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం అర్థంలేని పని. ఒకే ల్యాబ్, ఒకే రకం నమూనా, ఒకే కొలమానం ఉండాలి. ఇంత దాటితే జబ్బు అని అందరూ ఒప్పుకున్న గీత కూడా ఏదీ లేదు. చూడాల్సింది వరుసగా వచ్చే అంకెలు ఎటు నడుస్తున్నాయన్నదే.

అంకె ఎగబాకుతుంటే జబ్బు బయటపడే దాకా ఆగకుండా టాక్రోలిమస్ మోతాదు తగ్గిస్తారు. గాన్‌సైక్లోవిర్, వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే వైరస్ మందులు కూడా రాయడం చాలాచోట్ల అలవాటు. వైరస్ తన ప్రతులు తీసుకునే దశలోనే ఆ మందులు పనిచేస్తాయి. బీ-కణంలో నిద్రాణంగా ఉండి, ఆ కణాన్నే పెంచుకుంటూ పోయే ఈబీవీ మీద వాటికి పట్టు లేదు. వాటి వల్ల పీటీఎల్‌డీ తగ్గుతుందని అధ్యయనాల్లో రుజువు కాలేదు. రాసిన డాక్టరుకు ధైర్యం, బిడ్డకు తెల్లకణాలు తగ్గే దుష్ఫలితం మిగలొచ్చు.

అన్నిటికంటే ఖరీదైన తప్పు బయాప్సీ దగ్గర జరుగుతుంది. లివర్ ఎంజైములు పెరుగుతాయి. ముక్క తీసి చూస్తే లింఫోసైట్లు గుంపులుగా కనిపిస్తాయి. శరీరం అవయవాన్ని తిప్పికొట్టే రిజెక్షన్‌లోనూ లింఫోసైట్లే కనిపిస్తాయి కాబట్టి మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పెద్ద డోసుల్లో ఇస్తారు. నిజానికి అది పీటీఎల్‌డీ అయితే, మిగిలిన కాపలాను కూడా మనమే తీసేసినట్టు. దీన్ని తప్పించడం కష్టమేమీ కాదు. బయాప్సీ ఫారంలో ఈబర్ రంగు పరీక్ష చేయమని, తాజా ఈబీవీ వైరల్ లోడ్ ఎంతో రాయడం చాలు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉన్న కణాల కేంద్రకాలను ఈబర్ పట్టిస్తుంది. ఆ ఒక్క వాక్యం రాయకపోతే పాథాలజిస్టుకు అనుమానం వచ్చే అవకాశమే తక్కువ.

ఇంట్లోవాళ్లు గమనించగలిగే గుర్తులు కొన్ని ఉన్నాయి: తగ్గని జ్వరం, మెడలోనో గజ్జల్లోనో బిళ్లలు కట్టడం, ఇదివరకు లేని గురక, టాన్సిల్స్ వాచి మింగలేకపోవడం, వదలని విరేచనాలు, మలంలో రక్తం, కారణం దొరకని రక్తహీనత. కొత్తగా గురక మొదలైతే జలుబని ఊరుకుంటారు. మార్పిడి జరిగిన బిడ్డ విషయంలో అది గొంతు చూపించాల్సిన లక్షణం. బిళ్లకు సూదిపెట్టి కొద్ది కణాలు తీసే ఎఫ్‌ఎన్‌ఏసీ దీనికి సరిపోదు. కణాలు ఏ అమరికలో ఉన్నాయో చూస్తేనే పీటీఎల్‌డీ ఏ రకమో తేలుతుంది కనుక, వీలైతే బిళ్ల మొత్తం తీసి పంపాలి.

వైద్యం మెట్టు మెట్టుగా సాగుతుంది. ముందు మైకోఫినొలేట్, అజాథయోప్రిన్ ఆపి, టాక్రోలిమస్‌ను పావు నుంచి సగం దాకా తగ్గించి రెండు నుంచి నాలుగు వారాలు చూస్తారు. ఆ రోజుల్లో అవయవం రిజెక్షన్‌కు గురవుతుందేమోనని ఎంజైములు, క్రియాటినిన్ తరచుగా చూస్తుండాలి. తగ్గకపోతే, కణాల మీద సీడీ20 అనే ప్రొటీన్ ఉంటే, రిటుక్సిమాబ్‌ను శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 375 మి.గ్రా. లెక్కన వారానికొకటి చొప్పున నాలుగు డోసులిస్తారు. దానికీ లొంగకపోతే చాప్ అనే నాలుగు మందుల కీమోథెరపీ. రిటుక్సిమాబ్ మొదటి డోసు ముందు హెపటైటిస్-బీ ఇప్పుడు ఉందా అని చెప్పే హెచ్‌బీఎస్ యాంటీజెన్, ఎప్పుడైనా సోకిందా అని చెప్పే యాంటీ-హెచ్‌బీసీ రెండూ చూడాలి. అణిగిపోయిన హెపటైటిస్-బీ ఆ మందుతో భగ్గుమని లేస్తుంది. ఇవేవీ పనిచేయని వాళ్ల కోసం, వేరే ఆరోగ్యవంతుల టీ-కణాలకు ఈబీవీని గుర్తుపట్టడం నేర్పి ఇచ్చే టాబెలెక్లూసెల్ అనే వైద్యానికి 2022 డిసెంబరులో యూరప్ అనుమతిచ్చింది.

కిడ్నీ మార్పిడికి వాడే బెలాటసెప్ట్ అనే మందు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2011లో అమెరికా దాన్ని అనుమతించినప్పుడే, ఈబీవీ సోకనివాళ్లకు ఇవ్వకూడదని షరతు పెట్టింది. పీటీఎల్‌డీ, అదీ మెదడులో, ఎక్కువగా రావడమే కారణం. రోగి ఈబీవీ ఫలితం ఫైల్లో లేకుండా ఆ మందు మొదలుపెట్టకూడదు.

హెచ్‌హెచ్‌వీ-8: పరీక్ష లేదు, కళ్లే దిక్కు

కపోసీ సార్కోమాను 1872లో వియన్నా డాక్టర్ మోరిట్జ్ కపోసీ వర్ణించారు. దానికి కారణమైన వైరస్ దొరకడానికి 1994 దాకా పట్టింది. యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ పట్టుకున్నారు. ఈ వైరస్ ఎక్కువగా లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది. ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన చాలా మందికి, మధ్యధరా ప్రాంతంలో కొంత మందికి ఉంటుంది. మన దగ్గర తక్కువ. అలాగని హైదరాబాద్, చెన్నై ఆసుపత్రులకు ఇది పరాయి సంగతి కాదు. ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల నుంచి రోగులు తమ దగ్గరి బంధువునే దాతగా వెంటబెట్టుకుని ఇక్కడికి మార్పిడికి వస్తుంటారు.

ఈబీవీకి ఉన్నట్టు దీనికి దాతలను వడకట్టే ప్రామాణిక పరీక్ష లేదు. యాంటీబాడీ పరీక్షలు పరిశోధన ల్యాబ్‌లలో ఉన్నాయి కానీ ఒకదానితో ఒకటి పొసగవు. రక్తంలో పీసీఆర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ లేదని చెప్పలేం, ఎక్కువ కాలం అది రక్తంలో కనిపించదు కాబట్టి. దాంతో మార్పిడి తర్వాత ఒళ్లు చూడటమే మిగులుతుంది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో మచ్చలు ఎర్రగా, ఊదాగా ఉంటాయి. నల్లని, చామనఛాయ ఒంటి మీద అవి ముదురు గోధుమరంగులోనో నల్లగానో కనిపించి, దోమకాటు మచ్చలనో మందుల దద్దురనో దాటిపోతాయి. పాదాలు, పిక్కలు, అంగిలి మంచి వెలుతురులో చూడాలి. ఒక కాలే వాచి ఉంటే మరింత అనుమానించాలి. ఎక్కువ మందిలో ఇది మార్పిడి జరిగిన ఒకటి, రెండేళ్లలో బయటపడుతుంది.

శుభవార్త ఏమంటే ఇది మందు మార్పుకు లొంగే క్యాన్సర్. 2005లో ఇటలీలో కపోసీ సార్కోమా వచ్చిన 15 మంది కిడ్నీ రోగులకు సైక్లోస్పోరిన్ ఆపి సిరోలిమస్ ఇస్తే, మూడు నెలల్లో అందరి చర్మం మీది మచ్చలూ మాయమయ్యాయి. కిడ్నీలూ నిలిచాయి. సిరోలిమస్ రిజెక్షన్‌నూ ఆపుతుంది, కణితికి రక్తనాళాలు పెరగడాన్నీ అడ్డుకుంటుంది. అయితే అందరికీ మొదటి రోజు నుంచే ఇచ్చేద్దామంటే కుదరదు. గాయం మానడం ఆలస్యం చేస్తుంది, మూత్రంలో ప్రొటీన్ పోయేలా చేస్తుంది, కొత్తగా లివర్ అమర్చినవాళ్లలో కాలేయ ధమనిలో గడ్డకట్టే ముప్పు ఉంది.

దాత నుంచి ఈ వైరస్ కొత్తగా సోకినప్పుడు మచ్చలు రాకపోవచ్చు కూడా. జ్వరం, ప్లీహం పెరగడం, మూడు రకాల రక్తకణాలూ పడిపోవడం మాత్రమే కనిపించి, మందుల వల్ల వచ్చిందనో సీఎంవీ అనే మరో వైరస్ వల్ల అనో వెతుకుతూ రోజులు గడిచిపోతాయి. అప్పుడు రక్తంలో హెచ్‌హెచ్‌వీ-8 పీసీఆర్ పంపాలన్న ఆలోచన రావడమే కష్టం.

హెచ్‌టీఎల్‌వీ-1: వెతికితే నష్టం, వెతక్కపోతే నష్టం

నైరుతి జపాన్, కరీబియన్, దక్షిణ అమెరికా, ఆఫ్రికాల్లోని కొన్ని ప్రాంతాల్లో హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ పాతుకుపోయి ఉంది. మామూలుగా సోకినవాళ్లలో నూటికి కొద్ది మందికే, అదీ దశాబ్దాల తర్వాత, టీ-కణ లుకేమియా వస్తుంది. మార్పిడిలో ఆ గడువు కుంచించుకుపోతుంది. స్పెయిన్‌లో ఒకే దాత అవయవాలు పొందిన ముగ్గురికి రెండేళ్లలోపే కాళ్లు పడిపోయే వెన్నుపాము జబ్బు వచ్చింది. జర్మనీలో మరో దాత నుంచి ఈ వైరస్ సోకిన ముగ్గురిలో ఇద్దరికి కొన్నేళ్లకే చర్మంలో టీ-కణ లింఫోమా వచ్చినట్టు 2013లో ప్రచురించారు. వాళ్ల రక్తంలో యాంటీబాడీలు చాలా ఆలస్యంగా కనిపించాయి.

ఇంత భయంకరమైనదానికి అమెరికా 2009లో దాతల తప్పనిసరి పరీక్షను ఎందుకు ఎత్తేసింది? లెక్క వేస్తే తెలుస్తుంది. పదివేల మంది దాతల్లో ఒక్కరికే వైరస్ ఉందనుకుందాం. పరీక్ష వెయ్యికి అయిదుసార్లు తప్పుగా పాజిటివ్ చెబుతుందనుకుందాం. నిజమైన ఒక్కరిని పట్టడానికి యాభై మంది నిర్దోషుల అవయవాలు పారేయాల్సి వస్తుంది. నిర్ధారణ పరీక్ష వచ్చేసరికి గుండెకున్న నాలుగైదు గంటల గడువు దాటిపోతుంది. జపాన్ పరిస్థితి వేరు; అక్కడ రక్తదాతలను 1986 నుంచే పరీక్షిస్తున్నారు. ఏ పరీక్ష తప్పనిసరి చేయాలన్నది వైరస్ ఎంత ప్రమాదకరం అన్నదాని మీదే కాక, ఆ ఊళ్లో అది ఎంతమందికి ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

హెపటైటిస్-బీ, సీ వైరస్‌లు లివర్ క్యాన్సర్ దాకా తీసుకెళ్లగలవు కానీ దారి పొడుగు, ఆపడానికి సాధనాలున్నాయి. హెచ్‌బీఎస్ నెగెటివ్, యాంటీ-హెచ్‌బీసీ పాజిటివ్ అయిన దాత లివర్‌లో వైరస్ డీఎన్‌ఏ దాగి ఉంటుంది. అలాంటి లివర్ పొందినవాళ్లకు ఎంటెకావిర్ లాంటి మందు దీర్ఘకాలం ఇస్తారు. సీ-వైరస్ ఉన్న దాత అవయవాలను కూడా ఇప్పుడు 12 వారాల మాత్రల అండతో వాడుతున్నారు. కిడ్నీ రోగి చేయాల్సిన పని ఒకటుంది: డయాలసిస్ దాకా ఆగకుండా ముందే బీ-టీకా మొదలుపెట్టాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు మామూలు 20కి బదులు 40 మైక్రోగ్రాముల చొప్పున 0, 1, 2, 6 నెలల్లో నాలుగు డోసులు పడతాయి. అయ్యాక, టీకా రక్షణను చూపే యాంటీ-హెచ్‌బీఎస్ యాంటీబాడీ మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ యూనిట్లు దాటిందో లేదో చూసుకోవాలి.

మన దేశంలో 2023లో 18 వేలకు పైగా మార్పిడులు జరిగితే మరణానంతర దాతలు 1,099 మందే. ఆ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్నవాళ్లు ఇచ్చిన అవయవాలతోనే. బతికున్న దాతకు పరీక్షలు చేయడానికి వారాల సమయం ఉంటుంది కాబట్టి, దాత-రోగి ఇద్దరి ఈబీవీ ఫలితాలు ఫైల్లో లేకపోవడానికి సాకు లేదు. బ్రెయిన్‌డెడ్ దాత విషయం అలా కాదు. ప్రమాదంలో దెబ్బతిన్న మనిషికి యూనిట్ల కొద్దీ రక్తం, లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తారు. రక్తం పల్చబడి యాంటీబాడీలు కొలతకు అందవు, నెగెటివ్ వస్తుంది. కణజాల దాతల విషయంలో అమెరికా నిబంధన ప్రకారం, గత 48 గంటల్లో రెండు లీటర్లకు మించి రక్తమో కొల్లాయిడో, గత గంటలో రెండు లీటర్లకు మించి సెలైనో ఎక్కించి ఉంటే, అవి ఎక్కించక ముందు తీసిన నమూనానే పరీక్షించాలి, లేదా ఎంత పల్చబడిందో లెక్క కట్టి సరిపోతుందని తేల్చాలి. క్యాజువాలిటీలో చేరినప్పుడు తీసిన మొదటి గొట్టంలో రక్తం మిగిలుందా అని వెతకడం ఇందుకే.

చివరగా, ఒక దాత నుంచి ఎనిమిది మంది దాకా అవయవాలు పొందొచ్చు. 2000లో వెలువడిన ఒక నివేదికలో, హెచ్‌హెచ్‌వీ-8 ఉన్న ఒకే దాత రెండు కిడ్నీలు ఇద్దరికి వెళ్లాయి. నాలుగు నెలలకు ఒకరికి ఒళ్లంతా కపోసీ సార్కోమా వచ్చింది. రెండో మనిషికి మచ్చలేమీ లేవు; జ్వరం, ప్లీహం వాపు, మజ్జ పనిచేయకపోవడం. ఇద్దరి ఫైళ్లు వేర్వేరు ఆసుపత్రుల్లో ఉంటే రెండోది మందుల దుష్ఫలితంగా మిగిలిపోయేది. దాత నుంచి జబ్బు వచ్చిందని అనుమానం కలిగితే 24 గంటల్లో తెలియజేయాలన్నది అమెరికాలో నిబంధన. మన దగ్గర మరణానంతర దాతల అవయవాలు జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం ద్వారా పంచినవే కాబట్టి, ఏ కిడ్నీ ఎవరికి వెళ్లిందో తెలిసేది అక్కడే. క్యాన్సర్ కణాలు దాతవని రుజువయ్యే దాకా ఆగాల్సిన పని లేదు. అనుమానం వచ్చిన రోజే అక్కడి కోఆర్డినేటరుకు చెబితే, మిగతా గ్రహీతల డాక్టర్లు ఆ వారంలోనే ఒక పీసీఆర్ పంపి, ఒంటి మీద చర్మం చూసి, టాక్రోలిమస్ మోతాదు గురించి మళ్లీ ఆలోచించగలుగుతారు.